తేటనీళ్ళ ఎండాకాలం

కాలువలో నీళ్ళు తేటగా పారిన రోజే మా వీధికి అనుమానం పట్టుకుంది.

నిజానికి సంతోషించాలి. కానీ ఆ కాలువను రంగు లేకుండా మా ఈడువాళ్ళం ఎవరం చూసి ఎరగం. ఎగువన అద్దకాల ఫ్యాక్టరీ ఉంది. అక్కడ ఏ గుడ్డ అద్దితే ఆ రంగు మా గుమ్మాల ముందు నుంచి పారేది. ఎన్నికలొస్తే మరీను. ఏ పార్టీ జెండా అయినా అద్దకం అక్కడే. వంగపండు రంగు పార్టీ ఆర్డర్లు ఎక్కువైతే కాలువ వంగపండు రంగు, ఇటుకరంగు పార్టీ పుంజుకుంటే ఇటుకరంగు. ఎవరు గెలుస్తారో తెలుసుకోవడానికి మా వీధివాళ్ళు పేపరు చదివేవాళ్ళు కాదు, గట్టుకి వెళ్ళి చూసొచ్చేవాళ్ళు. పేపరు తప్పింది గానీ కాలువ ఎప్పుడూ తప్పలేదు.

అద్దిన గుడ్డ చివరికి నా దగ్గరికే వచ్చేది. నేను కుట్టుపని చేస్తాను. మామూలు రోజుల్లో స్కూలు యూనిఫారాలు, దిండు గలీబులు. ఎన్నికలప్పుడు జెండాలు, రెండు పార్టీలవీ. ఎవరికి ఓటేస్తావని అడిగినవాళ్ళతో, ఎవరి గుడ్డకి పోగులు ఊడకపోతే వాళ్ళకి అంటాను. ఆ లెక్కన ఇంతవరకూ ఎవరికీ వేయకూడదు.

నాకు అనుమానం ఎక్కువ. పెళ్ళైన మొదటి వారంలోనే మా ఆయన ఈ సంగతి కనిపెట్టారు. కొట్లో తూకం వేస్తుంటే నా కళ్ళు ముల్లు మీదే ఉంటాయి. ఎవరైనా నవ్వుతూ వస్తే ఎందుకు నవ్వుతున్నారా అని చూస్తాను. "నీతో కాపురమంటే రోజూ కోర్టుకి హాజరైనట్టే" అనేవారు. అనేవారే గానీ, సాక్ష్యాలు బాగానే చెప్పుకునేవారు.

అద్దకాల ఫ్యాక్టరీ అంతకు ముందు ఏడాది పాటు మూతపడింది. కాలువ కంపు భరించలేక దిగువ ఊళ్ళవాళ్ళు కోర్టుకెక్కారు. మూతపడ్డాక కాలువ పారలేదు, పాత రంగు మడుగులే మిగిలాయి. అక్కడ అద్దకం తొట్ల దగ్గర పనిచేసే మా ఆయన ఆ ఏడాదంతా ఇంట్లో కూర్చున్నారు. ఇంట్లో కూర్చున్న మగవాడు ఎన్ని తలుపులకి నూనె వేయగలడో ఆ ఏడాదే చూశాను. ఎన్నికలు దగ్గరపడ్డాక ఎవరో కొత్తవాళ్ళు ఫ్యాక్టరీ కొన్నారు. వంగపండు పార్టీవాళ్ళు వచ్చి రిబ్బను కత్తిరించారు. గోడలకి ఆకుపచ్చ రంగు వేశారు, లోపల నీళ్ళు శుభ్రం చేసే మిషన్లు పెట్టామన్నారు. గేటు ముందు గాజుతొట్టి ఒకటి కట్టి, ఫ్యాక్టరీ వదిలే నీళ్ళు గొట్టంతో అందులోకి పెట్టి, చేపల్ని వేశారు. పైన బోర్డు: "మా నీళ్ళలో చేపలు బతుకుతున్నాయి. మీరే చూడండి."

ఆ తొట్టిని చూసుకునే పని మా ఆయనకి ఇచ్చారు. ఆకుపచ్చ చొక్కా, ఆకుపచ్చ టోపీ. పనికి పిలిచారన్న రోజున ఆయన మొహంలో వెలుగు చూసి నేను కూడా అనుమానాన్ని కాసేపు పక్కన పెట్టాను.

"ఈసారి కాలువ ఎవరూ గెలవరని చెబుతోందేంటే?" అంది ఎదురింటి పిన్ని, గట్టు మీద నడుం మీద చేతులు పెట్టుకుని.

"పిన్నీ, నీళ్ళలో వాసన చూశావా?"

"బాగానే ఉందిగా. ఉతికిన గుడ్డ వాసన."

"అదే. కాలువకి ఉతికిన గుడ్డ వాసన ఎందుకొస్తుంది?"

పిన్ని కొడుకుకీ అదే ఫ్యాక్టరీలో పని దొరికింది. అందుకని ఆవిడ మాట మార్చేసింది.

మా మామయ్యది మాత్రం వేరే లోకం. కాలువలో చేపలున్న రోజుల్లో ఆయన వల వేసి, గాలం వేసి బతికారు. వీధంతా గాలం తాత అంటుంది. నీళ్ళు రంగు మారడం మొదలైనప్పుడు మిగిలిన చిన్న చేపల్ని నాలుగు తెచ్చి పెరట్లో సిమెంటు తొట్టిలో వేసుకున్నారు. అవి పిల్లలు పెట్టి, వాటి పిల్లలు పిల్లలు పెట్టి, తొట్టి ఎప్పుడూ కళకళలాడేది. మంచినీళ్ళ లారీ వచ్చినప్పుడు మాకంటే ముందు చేపలకి పట్టేవారు. ఆ విషయంలో మామా కోడళ్ళకి మాటా మాటా వచ్చేది కూడా.

ఆయన దగ్గర పాత పొడుం డబ్బా ఒకటుంది. పొడుం మానేశాక అందులో చేపల మేత పోసుకున్నారు. పొద్దున్నే తొట్టి అంచు మీద దాంతో కొట్టేవారు. రెండు గబగబా, కాస్త ఆగి ఒకటి. టకటక... టక్. అంతే, చేపలన్నీ మూతులు తెరుచుకుని పైకి వచ్చేసేవి. ఇంట్లో ఎవరు పిలిచినా పలకని మా కూతురు, మా చిన్నది కూడా ఆ చప్పుడుకి లేచి పెరట్లోకి పరిగెత్తేది.

ఫ్యాక్టరీలో చేరిన కొన్నాళ్ళకి, ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆయన అన్నారు, "నాన్నా, కాలువ నీళ్ళు బాగుపడ్డాయి కదా. మన చేపల్ని కొన్ని వదిలితే ఎలా ఉంటుంది?"

మామయ్య నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. నమిలి మింగి, నీళ్ళు తాగి, అప్పుడు అడిగారు. "బతుకుతాయంటావా?"

"గేటు దగ్గర బతుకుతున్నాయిగా."

"నేనూ వస్తాను, నా చేత్తో వదులుతాను."

"ఇక్కడ పారుదల ఎక్కువ నాన్నా, కొట్టుకుపోతాయి. ఎగువన నిలవ నీళ్ళున్న చోట వదలాలి. అది ఫ్యాక్టరీ ఆవరణలో ఉంది. బయటివాళ్ళని రానివ్వరు."

అంతటి చేపలాయన, ఆ ఒక్క మాటకి తల ఊపేశారు. సంతోషంలో ఉన్నవాళ్ళు ప్రశ్నలు వేయరు. ప్రశ్నలు వేయాల్సిన నేను ఆ రోజు జెండాలకి నాడాలు ఎక్కించే తొందరలో ఉన్నాను.

అప్పటినుంచి రెండు మూడు రోజులకోసారి మా ఆయన డబ్బాతో తొట్టి మీద కొట్టడం, చేపలు పైకి రాగానే చిన్న వలతో తీసి మూత ఉన్న క్యానులో వేసుకోవడం. తొట్టి పలచబడుతూ ఉంటే మామయ్య మొహం నిండుతూ వచ్చింది. "ఇక్కడ తగ్గితే అక్కడ పెరిగినట్టేగా అమ్మాయ్" అనేవారు నాతో. పొద్దున్నే కాలువ గట్టుకి వెళ్ళి రాయి మీద కూర్చుని డబ్బాతో టకటకమని కొట్టి నీళ్ళవైపు చూసేవారు. ఏవీ వచ్చేవి కావు. "కొత్త చోటు కదా, బెరుకు. అలవాటు పడాలి" అనుకుంటూ తిరిగొచ్చేవారు. మేత మాత్రం చల్లి వచ్చేవారు.

మా చిన్నదానికి తొట్టిలో ఒక చేప ప్రాణం. దాని తోక మధ్యలో చీలి ఉండేది. కుట్టుపని ఇల్లు కదా, దానికి కత్తెర అని పేరు పెట్టింది. కత్తెరని ఇవ్వనని ముందే చెప్పింది. ఒకరోజు స్కూలు నుంచి వచ్చేసరికి కత్తెర లేదు. ఏడ్చి ఇల్లు పీకి పందిరేసింది. "కాలువలో హాయిగా తిరుగుతోంది తల్లీ" అన్నారు మా ఆయన. అంటూ నావైపు చూడలేదు.

మర్నాడు సాయంత్రం అది మోకాళ్ళ దాకా తడిసి ఇంటికొచ్చింది. కాలువలో దిగి కత్తెరని వెతికిందట. ముందు వీపు మీద ఒకటి వేశాను. తర్వాత కాళ్ళు తుడుస్తూ చూశాను. పాదాలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. తెల్లారేసరికి వేళ్ళ సందుల్లో పొక్కులు లేచాయి.

"మంటగా ఉందే అమ్మా" అని అది గొణుగుతుంటే కొబ్బరినూనె తెచ్చి రాశాను. మామయ్య వచ్చి వంగి చూశారు. "కొత్త నీళ్ళు కదా" అన్నారు చివరికి. తన మాట తనకే నచ్చనట్టు పెరట్లోకి వెళ్ళిపోయారు.

ఆ నీళ్ళ మీద నాకు అంత పట్టింపు ఎందుకంటే, అవి మా కుళాయిల్లోకి రాబోతున్నాయి. పెద్దాఫీసు నుంచి మేడమ్ ఎవరో తనిఖీకి వస్తుంది. ఆమె నీళ్ళు బాగున్నాయని సంతకం పెడితే మా వీధికి కాలువ నీళ్ళే పైపుల్లో వదులుతారు, మంచినీళ్ళ లారీ ఆపేస్తారు. అప్పుడు చిన్నది ఆ నీళ్ళలో దిగక్కర్లేదు. గ్లాసులో పోసి నేనే తాగించాలి.

నా మిషను వీధి కిటికీ పక్కన ఉంటుంది. మర్నాడు పొద్దున మా ఆయన క్యాను పట్టుకుని వెళుతుంటే వెనకాలే చూశాను. ఆయన చెప్పిన నిలవ నీళ్ళ దగ్గరికి పోవాలంటే వీధి చివర ఎడమకి తిరిగి, గట్టు మీదుగా ఫ్యాక్టరీ వెనక గేటుకి పోవాలి. ఆయన కుడికి తిరిగారు. కుడివైపు ఉన్నది ఫ్యాక్టరీ పెద్ద గేటు, దాని ఎదురుగా టీకొట్టు. ఆ టీకొట్టు ఆవిడ చేపలు బాగా వేపుతుందని, నవ్వితే బుగ్గన సొట్ట పడుతుందని ఆయనే ఒకసారి నాతో అన్నారు. ఏది ముందు అన్నారో కూడా నాకు గుర్తుంది.

గుడ్డ మిషను కిందే వదిలేసి చెప్పులు వేసుకున్నాను.

టీకొట్టు ఆవిడ నన్ను చూసి సొట్టతో సహా నవ్వింది. "రా అక్కా, ఎప్పుడూ రానిదానివి."

"మా ఆయన ఇటొచ్చారా?"

"రోజూ వస్తాడుగా."

"క్యానుతోనా?"

"రెండు మూడు రోజులకోసారి క్యానుతో. టీ తాగడానికి టైము లేదంటాడు, గేటు తెరవక ముందే పని కానివ్వాలంటాడు." గ్లాసు కడుగుతూ గొంతు తగ్గించింది. "అక్కా, నాకెందుకులే గానీ, ఆ తొట్టిలో చేపలు నిన్న చూసినవి ఇవాళ ఉండవు. ఊడ్చేవాడు పొద్దున్నే కాగితంలో చుట్టి తీసుకుపోతుంటాడు. నా కొట్టు గేటు నీడలో ఉంది, నేను చూడలేదు."

రోడ్డు దాటాను. గేటు ఇంకా తెరవలేదు, మా ఆయనా కాపలావాడూ లోపలెక్కడో ఉన్నారు. గాజుతొట్టి తళతళలాడుతోంది. గొట్టంలోంచి ఉతికిన గుడ్డ వాసనతో నీళ్ళు పడుతున్నాయి. చేపలు అడుగున ఒక మూలకి చేరి ఉన్నాయి. చేపలు చేపల్లాగే ఉంటాయి. చూస్తే ఏం తెలుస్తుంది?

కుట్టుకి పెట్టుకున్న ఇనప తొడుగు ఇంకా నా వేలికే ఉంది. దాంతో గాజు మీద కొట్టాను. రెండు గబగబా, కాస్త ఆగి ఒకటి.

అన్నీ పైకి వచ్చేశాయి. మూతులు తెరుచుకుని నా వేలివైపు తోసుకుంటూ వచ్చేశాయి. అన్నిటికంటే వెనకగా, ఒక పక్కకి ఒరిగిపోతూ, మెల్లగా కత్తెర కూడా వచ్చింది.

నా దగ్గర మేత లేదు. తొడుగు తీసి గుప్పిట్లో పెట్టుకుని ఇంటికొచ్చేశాను.

మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చేసరికి మామయ్య నిద్రపోతున్నారు, చిన్నది స్కూల్లో ఉంది. కంచం పెట్టి ఎదురుగా కూర్చున్నాను.

"కత్తెర బతికే ఉందా, పోయిందా?" అన్నాను.

ఆయన చేయి ఆగింది. బుకాయిస్తారనుకున్నాను. బుకాయించలేదు. "పొద్దున పోయింది" అన్నారు.

"ఎన్నాళ్ళనుంచీ ఈ పని?"

"మొదట వాళ్ళే ఎక్కడినుంచో తెచ్చారు. పోతుంటే నువ్వే చూడు, ఎలాగో ఒకలా తొట్టి నిండుగా ఉండాలన్నాడు మేనేజరు. ఎక్కడినుంచి తెస్తున్నావని ఒక్కసారీ అడగలేదు. తెలియకపోవడమే వాళ్ళకి సుఖం."

"నీళ్ళు శుభ్రం చేసే మిషన్లు?"

"ఉన్నాయి. నడిపితే కరెంటు దండగని నడపరు. రంగు పోయే పొడి కలుపుతారు. రంగు పోతుంది, తక్కినది పోదు. పర్మిషను రానీ, అప్పుడు నడుపుతాం అంటున్నారు."

"మీరు నమ్మారా?"

"నమ్మకపోతే మళ్ళీ ఇంట్లో కూర్చోవాలి." కంచంలోకి చూస్తూ అన్నారు. "ఏడాది కూర్చున్నాను. ఇంట్లో నాన్న ముందు, నీ ముందు. నీకేం తెలుసు అది ఎలా ఉంటుందో."

జాలి వేసింది. కోపం కూడా వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఏది చూపించాలో తెలియదు. "చిన్నదానికి తాగించాల్సిన నీళ్ళండీ అవి" అన్నాను.

ఆయన కంచం పక్కకి జరిపారు. చేయి కడుక్కుని లేచి, గుమ్మం దగ్గర ఆగారు. "నాన్నకి మాత్రం చెప్పకు. ఈ వయసులో ఆయనకి ఉన్నది ఆ ఒక్క సంతోషం."

అది ఆయన మీద ప్రేమో, తన మీద భయమో తేల్చుకోలేకపోయాను. ఇంతకీ ఎవరికి చెప్పాలి? ఫ్యాక్టరీ తెరిపించింది వంగపండు వాళ్ళు. ఇటుకరంగు వాళ్ళు మేమొస్తే దాన్ని ఇంకా పెద్దది చేస్తామని మైకుల్లో అరుస్తున్నారు. ఆ మైకు బళ్ళకి కట్టిన జెండాలు నేను కుట్టినవే. పిన్నికి చెబితే కొడుకు పని పోతుందని నా నోరే మూయిస్తుంది. వీధిలో ఎవర్ని చూసినా, వీళ్ళకీ తెలుసేమో, తెలిసే ఊరుకున్నారేమో అనిపించేది. నా అనుమానం అంతవరకూ బయటివాళ్ళ మీదే తిరిగేది. ఆ ఎండాకాలం అది ఇంట్లోకి వచ్చి కూర్చుంది.

తనిఖీకి ముందు రోజు మేనేజరు మా ఇంటికి వచ్చాడు. ఎంత పట్టుకున్నా చేతికి చిక్కడని వీధి అతనికి సబ్బు అని పేరు పెట్టింది. మడత నలగని తెల్లచొక్కా, ఇంటినిండా సెంటు వాసన. నేరుగా మామయ్య కాళ్ళ దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు.

"తాతగారూ, రేపు మీరే మాట్లాడాలి. ఈ కాలువ గురించి మీకంటే ఎవరికి తెలుసు? అప్పుడు ఎలా ఉండేది, మధ్యలో ఎలా పాడైంది, ఇప్పుడు మళ్ళీ చేపలు ఎలా వచ్చాయి. మీ నోటితో వింటే మేడమ్‌గారికి బాగుంటుంది."

మామయ్య సిగ్గుపడ్డారు. "నాకు మాట్లాడటం ఏం వచ్చు బాబూ. మా వాడు చేపలు వదులుతున్నాడు, అది చెబుతాను."

"చెప్పండి, అదే చెప్పండి" అన్నాడు సబ్బు. ఏ చేపలో, ఎక్కడివో అతనికి పట్టలేదు. ముసలాయన కాలువని మెచ్చుకుంటే చాలు.

మా ఆయన గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ సాయంత్రమే పెరట్లో మిగిలిన చేపల్ని క్యానులో వేసుకెళ్ళారు.

తెల్లవారి లేచేసరికి మంచినీళ్ళ లారీ రాలేదని వీధంతా బిందెలతో నిలబడి తిట్టుకుంటోంది. టీకొట్టు ఆవిడ అటుగా పోతూ, లారీ ఫ్యాక్టరీ వెనక గేటు దగ్గర ఉందని గాల్లోకి చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయింది. గుమ్మంలో ఉన్న మామయ్య కూడా విన్నారు. అంటే ఇవాళ గొట్టంలో పడేది మా మంచినీళ్ళన్నమాట. ఎవరు ఎన్ని సీసాల్లో పట్టుకెళ్ళి పరీక్ష చేసినా, అవి తేటనీళ్ళే.

మా ఆయన ఆకుపచ్చ చొక్కా వేసుకుంటూ నన్ను వంటింట్లోకి పిలిచారు. "నాన్నకి ఒంట్లో బాగాలేదని చెప్పు. ఎలాగో ఆపు. ఇవాళ ఒక్కరోజు గడిస్తే..."

"గడిస్తే?"

"తర్వాత చేపలు అక్కర్లేదు."

నేను ఇస్త్రీపెట్టె వేడి పెట్టాను. మామయ్య దగ్గర ఉన్న ఒకే ఒక్క మంచి చొక్కా తీసి, కాలరు నుంచి కింద దాకా ముడత లేకుండా ఇస్త్రీ చేశాను. మా ఆయన కాసేపు చూసి వెళ్ళిపోయారు. మామయ్య ఆ చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, చిన్నదానికి చూపించి బాగున్నానా అని అడిగి బయల్దేరబోయారు. ఆ హడావుడిలో డబ్బా కిటికీలో మరిచిపోయారు.

నేను దాన్ని తీసి, మూత బిగించి, ఆయన చొక్కా జేబులో వేశాను.

"ఓ, మరిచేపోయాను" అన్నారు, జేబు మీద తట్టుకుని.

గేటు ముందు టెంటు వేశారు. నేను కుట్టిన జెండాలు వరసగా వేలాడుతున్నాయి. ఒకదానికి అప్పుడే పోగు ఊడింది. పెద్దాఫీసు మేడమ్ నేను అనుకున్నంత పెద్దదేం కాదు. ఎండకి కందిన మొహం, చేతిలో సీసాలు. గొట్టం కింద తనే నీళ్ళు పట్టుకుంది. సబ్బు ఆమె పక్కనే జారుతూ తిరుగుతున్నాడు. గాజుతొట్టిలో చేపలు ఆ రోజు హుషారుగా తిరుగుతున్నాయి. మా ఆయన తొట్టి పక్కన టోపీ పెట్టుకుని కొయ్యలా నిలబడ్డారు.

మామయ్యని పిలిచి చేతికి మైకు ఇచ్చారు. ముందు అది గరగరమంది. జనం నవ్వారు, ఆయనా నవ్వారు.

"నేను ఈ కాలువలో వల వేసి పెళ్ళి చేసుకున్నాను, పిల్లాణ్ణి పెంచాను" అన్నారు. "తర్వాత నీళ్ళు పాడయ్యాయి. ఇప్పుడు బాగుపడ్డాయన్నారు. మా ఇంట్లో పెంచుకున్న చేపల్ని మా వాడు తెచ్చి కాలువలో వదిలాడు. రోజూ పొద్దున్నే గట్టు మీద కూర్చుని పిలుస్తున్నాను. ఇంకా పలకలేదు. పలుకుతాయి. ఎలా పిలుస్తానంటే..."

జేబులోంచి డబ్బా తీశారు. కొట్టడానికి ఏదో ఒకటి కావాలి కదా. పక్కనే ఉన్న గాజుతొట్టి అంచు మీద కొట్టారు.

టకటక... టక్.

చేపలన్నీ ఒక్క గుంపుగా పైకి వచ్చి మూతులు తెరిచాయి. చిన్నపిల్లలు చప్పట్లు కొట్టారు. మామయ్య కూడా నవ్వుతూ, అలవాటు కొద్దీ డబ్బా మూత తీసి రెండు వేళ్ళతో మేత చల్లారు. అవి తింటున్నాయి. ఆయన వంగి చూస్తున్నారు. చూస్తూ చూస్తూ ఉండగా ఆయన చేయి డబ్బా మీదే ఆగిపోయింది. మళ్ళీ నిటారుగా లేవడానికి చాలాసేపు పట్టింది.

మేడమ్ వైపు చూడలేదు, సబ్బు వైపు చూడలేదు. కొడుకు వైపు తిరిగారు.

"వీటిని కాలువలో వదిలానన్నావు కదరా" అన్నారు.

మెల్లగానే అన్నారు. చేతిలో మైకు ఉందన్న సంగతి మరిచిపోయారు.

"పెద్దాయన పొరబడుతున్నారు, వయసు..." అంటూ సబ్బు మైకు కోసం చేయి చాపాడు. మేడమ్ అతన్ని ఆపి మామయ్య దగ్గరికి వచ్చింది.

"తాతగారూ, ఈ చేపలు మీకు తెలుసా?"

"నిన్న సాయంత్రం దాకా మా ఇంట్లోనే ఉన్నాయమ్మా."

ఆమె మా ఆయన వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. ఎవరివి?"

ఆయన నావైపు చూశారు. నేను చూపు తిప్పుకోలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

"మావేనండీ" అన్నారు. తొట్టి వైపు చూసి, "ఇంతకు ముందువి కూడా మావే. పోయినవి" అన్నారు.

ఎదురింటి పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ కొడుకు నేలచూపులు చూస్తున్నాడు.

మామయ్య మైకు కుర్చీలో పెట్టేసి, ఎవర్నీ అడక్కుండా తొట్టి కింద ఉన్న క్యాను తీసుకున్నారు. "ఆగండి తాతగారూ, అవి ఇక్కడే ఉండాలి" అంది మేడమ్.

"ఉంటే చస్తాయమ్మా" అన్నారాయన. "లారీ నీళ్ళు అయిపోయాక."

ఆమె సబ్బు మొహం చూసింది. తర్వాత తన చేతిలో సీసాలు చూసుకుని, అన్నీ గొట్టం కింద ఒంపేసింది. "తీసుకెళ్ళండి" అంది. "నేను రేపూ వస్తాను, ఎల్లుండీ వస్తాను. చెప్పి రాను."

మా ఆయన వంగి చేపల్ని క్యానులోకి ఎక్కించబోయారు. మామయ్య ఆయన చేయి పక్కకి తోసి తనే తీసుకున్నారు.

మేడమ్ సంతకం పెట్టలేదు. మా కుళాయిల్లోకి కాలువ రాలేదు. మా ఆయన పని ఆ సాయంత్రమే పోయింది. పిన్ని కొడుకుని మాత్రం ఉంచారు. అయినా పిన్ని నాతో మాట్లాడటం మానేసింది, వీధిలో సగంమంది అంతే. తక్కిన సగంమంది లారీ దగ్గర నన్ను ముందు బిందె పెట్టుకోనిచ్చేవారు. ఎన్నికల్లో ఇటుకరంగు వాళ్ళు గెలిచారు. ఆ సంగతి మాకు కాలువ చెప్పలేదు, రేడియో చెప్పింది. మిషన్లు నడపడానికి ఫ్యాక్టరీకి గడువిచ్చారని, రంగు పోయే పొడి మాత్రం కలపకూడదన్నారని విన్నాం. కాలువలో మళ్ళీ రంగు మొదలైంది, పలచగా, అప్పుడప్పుడు. నాకు అదే నయమనిపించింది. ఉన్నదేదో కంటికి కనిపిస్తుంది.

మామయ్య కొడుకుతో మాట్లాడలేదు. ఒకే ఇంట్లో, ఒకే పంక్తిలో తింటూ, ఉప్పు కావాలంటే నాకు చెప్పేవారు. గట్టుకి వెళ్ళడం మానేశారు. పొడుం డబ్బా కిటికీలో పడి ఉండేది. పెరట్లో తొట్టి దగ్గరికి వెళ్ళి చప్పుడు చేయకుండా మేత వేసి వచ్చేవారు. తెచ్చినవాటిలో సగం పోయాయి. చిన్నది కత్తెర గురించి ఒక్కసారే అడిగింది, నేను నిజం చెప్పాను. అది ఏడవలేదు. వాళ్ళ నాన్న దగ్గరికి పోకుండా నా మిషను కింద గుడ్డముక్కల్లో కూర్చుంది.

తొలివాన పడ్డ మర్నాడు, జెండాల్లో మిగిలిన గుడ్డతో దిండు గలీబులు కుడుతున్నాను. పెరట్లోంచి ఆ చప్పుడు వినిపించింది. టకటక... టక్. మామయ్య అనుకుని లేచి పెరటి కిటికీలోంచి చూశాను. మా ఆయన. తొట్టి పక్కన గొంతుక్కూర్చుని డబ్బాతో కొడుతున్నారు. కొట్టి, నీళ్ళలోకి చూసి, మళ్ళీ కొడుతున్నారు. ఒక్క చేపా పైకి రాలేదు. చప్పుడు అయినప్పుడల్లా అన్నీ అడుగుకి పోయి ఒక మూలకి నక్కుతున్నాయి.

మామయ్య వెనక గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశారు.

"రావు" అన్నారు. ఇన్నాళ్ళకి ఆయన కొడుకుతో అన్న మొదటి మాట అది. "పిలిచి వల వేశావు. ఇప్పట్లో రావు. ఆ డబ్బా కింద పెట్టు. చప్పుడు చేయకుండా మేత వేసి పో. రేపూ వెయ్యి, ఎల్లుండీ వెయ్యి."

మా ఆయన డబ్బా కింద పెట్టారు. రెండు వేళ్ళతో మేత తీసి నీళ్ళ మీద చల్లి, చేతులు దులుపుకుని లేచి వచ్చేశారు.

రేపు గుర్తుంటుందా, ఎల్లుండి వేస్తారా అని నాకు అనుమానమే. మిషను కాస్త జరిపి, పెరటి కిటికీకి ఎదురుగా వేసుకున్నాను.